చెట్టుకి మందు కొట్టే ముందు మొదలు చూడండి

(మొన్న ఆదివారం కాలనీ కమ్యూనిటీ హాల్లో జరిగిన ప్రసంగం. రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ వాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, మీరు కూడా రండి, కొమ్మలు తెచ్చిన వాళ్ళు ఆ బల్ల మీద పెట్టండి, మధ్యలో తీసి చూపిస్తా.

సెక్రటరీ గారు నాతో ఏమన్నారంటే, సార్ మా కాలనీ చెట్లకి ఏదో జబ్బొచ్చింది, ఏ మందు కొట్టాలో చెప్పి వెళ్ళండి అన్నారు. చెప్తాను, మందులూ చెప్తాను. కానీ ఇక్కడికి వచ్చే ముందు మీ వీధులు కొన్ని తిరిగాను, పార్కు చుట్టూ కూడా చూశాను, చూశాక నాకు అనిపించింది ఏంటంటే, ఇక్కడ చాలా చెట్లకి కావాల్సింది మందు కాదు, గడ్డపార. ఎవరైనా గడ్డపార పట్టుకుని వాటి మొదట్లో పోసిన సిమెంటు పగలగొట్టాలి. అది ముందు. మందు తర్వాత.

ఒక్కటి అడుగుతాను. చెట్టు ఎండుతోంది అనగానే మనం ఎక్కడ చూస్తాం? పైకి చూస్తాం. ఆకు చూస్తాం. ఆకు మీద మచ్చ ఉందా, పురుగుందా, ఫోటో తీసి గ్రూపులో పెడతాం, ఎవరో ఒక మందు పేరు చెప్తారు, షాపుకెళ్ళి తెచ్చి కొట్టేస్తాం. మరి కింద ఎవరు చూశారు? మొదలు ఎవరు చూశారు? మీరు రేపు పొద్దున వాకింగ్‌కి వెళ్ళినప్పుడు మీ ఇంటి ముందు చెట్టు దగ్గర ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. కింద నుంచి మొదలుపెట్టి పైకి చూడండి. ముందు నేల, తర్వాత మొదలు, తర్వాత మాను, ఆ తర్వాత కొమ్మలు, ఆఖరికి ఆకు. ఈ వరస మార్చొద్దు.

నేలలో ఏం చూడాలి? సిమెంటు మాను దాకా వచ్చేసిందా చూడండి. పార్కు గేటు ఎదురు వీధిలో పచ్చతురాయి చెట్టు ఉంది కదా, పసుపు పూల చెట్టు, దాని చుట్టూ సీసీ రోడ్డు వేసినప్పుడు మానుకి ఆనించి పోసేశారు. బెత్తెడు మట్టి కూడా వదల్లేదు. మాను లావెక్కే కొద్దీ సిమెంటు అంచు బెరడులోకి దిగిపోతోంది, వేలు పెట్టి చూశాను, ఒకపక్క బెరడు మెత్తబడి ఊడొస్తోంది. ఆ చెట్టుకి పైన ఏం కొడితే ఏం లాభం? చెట్టు వేళ్ళకి నీళ్ళే కాదు, గాలి కూడా కావాలి. మనం తల్లివేరు లోపలికి ఎక్కడికో పోతుంది, అక్కడ నీళ్ళు తాగుతుంది అనుకుంటాం. అలా కాదండీ. చెట్టుకి తిండి పెట్టే సన్న వేళ్ళు ఎక్కువ భాగం పైన ఉన్న రెండు మూడు అడుగుల మట్టిలోనే ఉంటాయి, లోతుకి కాదు, పక్కకి పోతాయి, కొమ్మల నీడ ఎంతవరకు పడుతుందో అంతకంటే ఇంకా అవతలికి పోతాయి. ఆ మట్టిని మనం పైన మూసేస్తే కింద వేళ్ళు ఊపిరాడక చస్తాయి. ఢిల్లీలో ఇదే గొడవ పర్యావరణం కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది, 2013లో వాళ్ళు చెట్టు చుట్టూ మీటరు మేర సిమెంటు తీసెయ్యండి అని ఆర్డరిచ్చారు. మీటరు అంటే మూడడుగుల పైచిలుకు. మనకి ఎవరూ ఆర్డరివ్వక్కర్లేదు, మన వీధి, మన చెట్టు, మనమే తీసుకోవచ్చు. పగలగొట్టేటప్పుడు మాత్రం బ్రేకర్ మిషన్ పెట్టకండి, వేళ్ళు నలిగిపోతాయి. చేత్తో, గడ్డపారతో, నిదానంగా. తీశాక పశువుల ఎరువు కలిపిన మట్టి పోసి, పైన ఎండాకులు పరవండి, ఆకులు మానుకి తగలకుండా జానెడు దూరం వదలండి.

రెండోది కందకాలు. కేబుల్ కోసం, మంచినీళ్ళ పైపు కోసం, డ్రైనేజీ కోసం రోడ్డు తవ్వుతారు. తవ్వినప్పుడు ఒకవైపు వేళ్ళన్నీ తెగుతాయి. ఆ రోజు చెట్టుకి ఏమీ కనపడదు. మరుసటి నెల కూడా కనపడదు. ఏడాది, రెండేళ్ళు పోయాక ఆ వైపు కొమ్మలు పైనుంచి ఎండడం మొదలవుతాయి. అప్పుడు మనం అంటాం, ఉన్నట్టుండి జబ్బొచ్చింది అని. ఉన్నట్టుండి కాదు, రెండేళ్ళ కిందట వచ్చింది. అందుకే ఎవరైనా మా చెట్టు ఒకవైపే ఎండుతోందండీ అంటే నేను అడిగే మొదటి ప్రశ్న, ఆ వైపు ఏమైనా తవ్వారా? చాలాసార్లు అవునంటారు. మూడోది, ఇల్లు కట్టేటప్పుడు మట్టి, ఇసుక, కంకర చెట్టు మొదట్లో కుప్ప పోస్తారు. మాను నేలని తాకే చోట కొంచెం వెడల్పుగా పాదంలా విచ్చుకుని కనపడాలి, స్తంభం పాతినట్టు నిటారుగా భూమిలోకి దిగిపోయి కనపడిందంటే మట్టి కప్పేశారని అర్థం. ఆ మట్టి తీసెయ్యాలి, లేకపోతే బెరడు కుళ్ళుతుంది.

ఇంకా మేకులు, ఫ్లెక్సీలు కట్టిన బైండింగ్ వైరు. పండక్కి సీరియల్ లైట్లు చుడతాం, పండగ అయ్యాక తియ్యం. వైరు బెరడులోకి దిగిపోతుంది, దాని పైభాగం ఉబ్బుతుంది, కింది భాగం సన్నబడుతుంది. బెరడు కిందే ఆకు తయారుచేసిన ఆహారం వేళ్ళకి దిగుతుంది, దాన్ని కట్టేశాం. ఇవన్నీ చూడడానికి శాస్త్రం అక్కర్లేదు, కళ్ళు చాలు.

సరే, పైకొద్దాం. చెట్టు బతికుందా చచ్చిందా ఎలా తెలుస్తుంది? చిటికెన వేలంత రెమ్మ తీసుకోండి, గోరుతో పైతోలు గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే బతికున్నట్టే. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ రెమ్మ చచ్చింది. అక్కడి నుంచి కిందికి జరుగుతూ గీకుతూ రండి, పచ్చదనం ఎక్కడ మొదలైందో అక్కడిదాకా చెట్టు బాగానే ఉంది. మోడులా నిలబడిన చెట్టుని కొట్టేసే ముందు ఇది చేసి చూడండి, ప్రతి ఒక్కరూ. ఇంకో మాట, ఆకు రాలిన ప్రతి చెట్టూ జబ్బు చెట్టు కాదు. కానుగ ఎండాకాలం ముందు ఆకంతా రాల్చేసి కొత్తగా లేత పచ్చ ఆకు వేస్తుంది. నాటు బాదం ఆకులు ఎర్రబడి రాలిపోతాయి, ఏడాదికి రెండుసార్లు కూడా రాలుస్తుంది. రావి కూడా అంతే. అది దాని పద్ధతి, దానికి మందెందుకు?

వేప సంగతి

ఇప్పుడు వేప. అందరూ అడగాలనుకున్నది ఇదే అని నాకు తెలుసు. 2021 వానాకాలం అయ్యాక తెలంగాణ అంతా వేపచెట్లు మాడిపోయినట్టు అయిపోయాయి, గుర్తుందా? ఊళ్ళకి ఊళ్ళు. రోడ్డు పక్కన వరసగా. జనం భయపడ్డారు, మా ఊళ్ళో వేపచెట్టు ఎండిపోయింది ఏదో అరిష్టం అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆంధ్రాలో కూడా కనపడింది, ఆ తర్వాతి ఏళ్ళలో కూడా వానల తర్వాత మళ్ళీ కనపడుతూనే ఉంది.

ఆ బల్ల మీద కొమ్మ ఇటివ్వండి. ఇది చూడండి. చివర చూడండి, ఆకు రాలలేదు, మాడిపోయి వేలాడుతోంది. చివరి నుంచి ఎండుతూ కిందికి వస్తోంది. ఇక్కడ రెమ్మ మీద సన్న చుక్కలు, వాటి దగ్గర బంక చిన్న చిన్న పూసల్లాగా కారి గట్టిపడింది. దీన్ని విరిస్తే, చూడండి, లోపల కట్టె గోధుమ రంగుకి తిరిగింది. ఇక్కడ రెండు పనులు కలిసి జరిగాయి. ఒకటి టీ దోమ అని ఒక పురుగు. దోమ అంటారు గానీ దోమ కాదు, నల్లి జాతి పురుగు, సన్నగా పొడుగ్గా ఉంటుంది, వీపు మీద గుండుసూది లాంటి కొమ్ము ఒకటి నిలబడి ఉంటుంది, అది చూస్తే గుర్తుపట్టొచ్చు. జీడిమామిడికి, జామకి కూడా ఇది శత్రువు. లేత చిగురులో ముక్కు గుచ్చి రసం పీలుస్తుంది, దాని లాలాజలంలో విషం ఉంటుంది, గుచ్చిన చోట కణాలు చచ్చిపోతాయి. రెండోది ఫంగస్, ఫోమాప్సిస్ అంటారు, వాన తడిలో బాగా పెరుగుతుంది, పురుగు చేసిన గాయంలోంచి లోపలికి పోయి రెమ్మని చివర నుంచి ఎండబెడుతుంది. పురుగు, ఫంగస్, వాన, మూడూ కలిసినప్పుడు చెట్టు పైనంతా మాడినట్టు కనపడుతుంది.

మరి చెట్టు చచ్చిందా? చావలేదు. 2021లో మాడిన చెట్లలో చాలావాటికి ఎండలు ముదిరేలోగా మళ్ళీ ఇగురొచ్చింది. శాస్త్రవేత్తలు అప్పుడే మొత్తుకున్నారు, కొట్టొద్దు, కొట్టొద్దు అని. అయినా చాలాచోట్ల కొట్టేశారు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది ఆ మాట తలుచుకుంటే, నలభై, యాభై ఏళ్ళ చెట్టు, ఇంకో మూడు నెలలు ఆగి ఉంటే పచ్చగా అయ్యేది. కాబట్టి నా మాట ఇది, వేపచెట్టు మాడిపోతే ముందు గోరుతో గీకి చూడండి, ఉగాది దాకా ఆగండి. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఆ చెట్టే ఇవ్వొచ్చు.

ఆగడం అంటే ఏం చెయ్యకుండా కూర్చోవడం కాదు. పాదు చెయ్యండి, ఎరువెయ్యండి, వానలు లేనప్పుడు వారానికోసారి బాగా నానేలా నీళ్ళు పెట్టండి, మాను దగ్గర కాదు, నీడ అంచు దగ్గర. అందినంతవరకు ఎండిన రెమ్మల్ని పచ్చదనం ఉన్నచోట నుంచి రెండు మూడంగుళాలు కిందికి కోసి, కోసినవి కాల్చెయ్యండి లేదా లోతుగా పూడ్చండి, చెట్టు కిందే వదిలేస్తే ఆ ఫంగస్ మళ్ళీ పైకెక్కుతుంది. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు అప్పట్లో కార్బండజిమ్ లాంటి ఫంగస్ మందు కలిపిన నీళ్ళు పాదులో పొయ్యమన్నారు, కొమ్మల మీద ఫంగస్ మందు కొట్టమన్నారు, ఆ తర్వాత పురుగు మందు. ఐదారడుగుల చిన్న వేప అయితే కొట్టుకోవచ్చు. నలభై అడుగుల చెట్టుకి, పక్కన అపార్టుమెంటు బాల్కనీలు, కింద పిల్లలు ఆడుకునే చోటు, అక్కడ పురుగు మందు పైకి కొట్టించడం నేను ఒప్పుకోను. ఆ మందు సగం మన మీదే పడుతుంది. పెద్ద చెట్టుని దాని బలంతో తేరుకోనివ్వండి, మనం వేళ్ళకి సాయం చేద్దాం.

ఇక మసి. మామిడాకు మీద, నిమ్మాకు మీద, జామ మీద నల్లగా పొగ పట్టినట్టు ఉంటుంది. ఎవరింట్లో ఉంది? చాలామంది చేతులెత్తారు. చెట్టు కింద కారు పెడితే కారంతా జిగురు కూడా, అవునా? ఆ నలుపు అసలు జబ్బు కాదండీ. పైన ఎక్కడో తేనెమంచు పురుగో, పిండినల్లో, పొలుసు పురుగో, తెల్లదోమో ఉంది, అది రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది, ఆ జిగురు మీద నల్ల బూజు పెరుగుతుంది. కాబట్టి నలుపు కనపడితే దాని పై కొమ్మలో ఆకు అడుగున చూడండి. చీమలు బారులు కట్టి పైకి పోతున్నాయా? అవి ఆ జిగురు కోసమే పోతున్నాయి, ఆ పురుగుల్ని కాపలా కాస్తాయి, వాటిని తినే అక్షింతల పురుగుల్ని దగ్గరికి రానివ్వవు.

ఏం చెయ్యాలి? ట్యూబు పెట్టి నీళ్ళు గట్టిగా ఆకు అడుగు భాగానికి తగిలేలా కొట్టండి, పిండినల్లి సగం అక్కడే రాలిపోతుంది. వేపనూనె లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టండి, ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వారం, పది రోజులకి మళ్ళీ కొట్టండి. ఒక్కసారికి పోదు. నల్లటి మసికి గంజి. అవును, మన అన్నం గంజే. పల్చగా చేసి ఎండ బాగా కాసే రోజున ఆకుల మీద కొడితే, ఆరాక పొరలా లేచి రాలుతుంది, రాలేటప్పుడు మసిని కూడా పట్టుకుపోతుంది. మామిడి తోటల్లో చేసే పనే ఇది.

గట్టి మందు కొడితే ఇంకా తొందరగా పోతుంది కదా అంటారు. ఇక్కడ రెండు సంగతులు చెప్తాను. 2008లో కోయంబత్తూరు వైపు బొప్పాయి పిండినల్లి అని కొత్త పురుగు దిగింది, బొప్పాయే కాదు, మల్బరీ, టేకు, మందార, కర్రపెండలం, దేన్నీ వదల్లేదు. రైతులు మందుల మీద మందులు కొట్టారు, తగ్గలేదు. చివరికి 2010లో అసిరోఫేగస్ అనే చిన్న పరాన్నజీవి కందిరీగని ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలితే, అది పిండినల్లిలో గుడ్డు పెట్టి దాన్ని లోపల నుంచి తినేసింది. కొద్ది నెలల్లో అణిగిపోయింది. రెండోది మన కొబ్బరి. 2016లో పొల్లాచ్చి దగ్గర కనపడిన సర్పిలాకార తెల్లదోమ మన గోదావరి జిల్లాలకి, కోనసీమకి వచ్చింది, ఆకు అడుగున తెల్లగా చుట్టలు చుట్టినట్టు మైనం, కింద ఆకుల మీద మసి. హైదరాబాద్ ఇళ్ళలో కొబ్బరికి కూడా ఇప్పుడు ఉంది. కోనసీమలో అంబాజీపేట పరిశోధన కేంద్రం వాళ్ళు చెప్పింది ఏంటి? పురుగు మందు కొట్టొద్దు. ఎందుకంటే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ ఆ తెల్లదోమని తింటూ ఉంటుంది, మందు కొడితే ముందు చచ్చేది అదే. నీళ్ళు గట్టిగా కొట్టండి, ఐసేరియా అనే మిత్ర ఫంగస్ కొట్టండి అన్నారు, ఆ ఫంగస్‌ని వాళ్ళే పెంచి ఇచ్చారు. అర్థమైంది కదా? మన పెరట్లో మనకి కనపడని పనివాళ్ళు ఉన్నారు, వాళ్ళని మనమే చంపుకోకూడదు.

మాను తొలిచే పురుగు గురించి కొంచెం ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే మామిడిని నిజంగా చంపేది ఇదే. పైన ఒక పెద్ద కొమ్మ వాడుతుంది. నీళ్ళు తక్కువయ్యాయేమో అనుకుంటాం. మాను దగ్గరికెళ్ళి చూస్తే బెరడు పగులులోంచి రంపపు పొట్టు లాంటిది రాలుతుంటుంది, కింద నేల మీద చిన్న కుప్ప. పక్కన బంక కారుతుంటుంది. ఆ పొట్టు తాజాగా, తడిగా ఉందంటే పురుగు లోపల బతికుంది. పొడిగా, పాతగా ఉంటే వెళ్ళిపోయి ఉండొచ్చు. దీని తల్లి పెంకు పురుగు వానాకాలంలో బెరడు పగుళ్ళలో గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు లోపలికి తొలుచుకుంటూ పోయి నెలల తరబడి అక్కడే ఉంటుంది, బొటనవేలంత లావవుతుంది, తెల్లగా, తల మాత్రం నల్లగా. చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది.

దీన్ని పట్టడానికి సైకిల్ పుల్ల ఉంటే చాలు. ముందు కత్తితో రంధ్రం చుట్టూ వదులైన బెరడు శుభ్రం చెయ్యాలి, పొట్టంతా గీకెయ్యాలి, రంధ్రం దారి కనపడుతుంది, అది ఎక్కువగా పైకి వంపు తిరిగి ఉంటుంది. పుల్ల కొన కొక్కెంలా వంచి మెల్లగా తోసుకుంటూ పోవాలి, మెత్తగా తగిలితే అదే పురుగు, తిప్పి లాగాలి. పుల్ల కొనకి తెల్లటి రసం అంటితే చచ్చిందని లెక్క. తర్వాత పెట్రోల్‌లో ముంచిన దూది చిన్నది లోపలికి తోసి, బయట బంకమట్టితో గట్టిగా మూసెయ్యాలి. అగ్గిపుల్ల, సిగరెట్ దగ్గర్లో ఉండకూడదు, ఇది మళ్ళీ చెప్తున్నా. కొంతమంది ఇంకా డైక్లోర్‌వాస్ అడుగుతున్నారు, ఆ మందు 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషేధం, పాత సీసా ఇంట్లో ఉన్నా వాడొద్దు. వారం తర్వాత వచ్చి చూడండి, మళ్ళీ కొత్త పొట్టు రాలుతుంటే ఇంకో పురుగు ఉందన్నమాట, మళ్ళీ మొదలుపెట్టాలి.

చెదలు వేరే. మాను మీద మట్టి గొట్టాలు పాకితే జనం హడలిపోతారు. చెద ఎక్కువగా చచ్చిన బెరడుని, ఎండిన కట్టెని తింటుంది. చీపురుతో ఆ మట్టి దులిపెయ్యండి, కింద బెరడు గట్టిగా పచ్చగా ఉంటే భయం లేదు. మాను డొల్లగా ఉండి లోపల చెద ఉంటే అప్పుడు ఆలోచించాలి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మీకు తెలుసు, ఏడు వందల ఏళ్ళ నాటిదని చెప్పుకునే మర్రి, మూడెకరాల్లో పరుచుకుంది. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి కూలింది, చూస్తే చెద తినేసింది. సందర్శకుల్ని ఆపేశారు. 2018లో అటవీ శాఖ వాళ్ళు క్లోర్‌పైరిఫాస్ మందుని నీళ్ళలో పల్చగా కలిపి, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి, చుక్క చుక్కగా మానులోకి ఎక్కించారు. ఆ ఫోటో దేశమంతా చూసింది. అందరికీ ఆ సీసాలే గుర్తున్నాయి. కానీ వాళ్ళు అంతటితో ఆగలేదు, వేళ్ళకి కూడా మందు నీళ్ళు పోశారు, బరువైన కొమ్మలకి సిమెంటు స్తంభాలు ఆసరా పెట్టారు, జనాన్ని దూరంగా ఉంచారు. మొత్తం అంతా కలిపితే చెట్టు తేరుకుంది. ఆ సీసా పని చూసి ఇంట్లో ఎవరూ చెయ్యకండి, అది విషం, మోతాదు తప్పితే చెట్టుకీ ప్రమాదం, మనకీ ప్రమాదం.

బదనిక. ఈ మాట కొంతమందికి తెలిసి ఉంటుంది. మీ పార్కులో పెద్ద మామిడి మీద వేరే రకం ఆకు గుబురు ఉంది, మందమైన ఆకు, ఎర్రగా నారింజగా గొట్టం లాంటి పూలు, చూడ్డానికి అందంగానే ఉంటుంది. అది మామిడి కాదు, మామిడి మీద బతుకుతున్న మొక్క. మామిడి కొమ్మలోకి వేరు దించి నీళ్ళు లాక్కుంటుంది. దాని పండు చిన్న పిట్టలు తింటాయి, గింజ జిగురుగా ఉంటుంది, ఇంకో కొమ్మకి అంటుకుంటుంది, అక్కడ మొలుస్తుంది. చేత్తో పీకితే పోదు, కొమ్మ లోపల మిగిలిన ముక్కలోంచి మళ్ళీ లేస్తుంది. అది అంటుకున్న చోటు నుంచి ఒక అడుగు కిందికి కొమ్మనే కోసెయ్యాలి, పండు పట్టక ముందే. ఒక చెట్టు మీద రెండు గుబుర్లు ఉన్నప్పుడే తీసేస్తే తేలిక. ఇరవై అయ్యాక చెట్టు మిగలదు.

కొమ్మ కోసే పద్ధతి

ఇది చెప్పకుండా నేను వెళ్ళను. మన ఊళ్ళలో చెట్లకి జరిగే పెద్ద నష్టం పురుగు వల్ల కాదు, గొడ్డలి వల్ల. వైర్లకి తగులుతోందని, షాపు బోర్డు కనపడట్లేదని, ఆకు రాలుతోందని, నడినెత్తి మీద నరికేస్తారు. అలా నరికిన చోట చుట్టూ పదిహేను ఇరవై పిలకలు లేస్తాయి, ఏడాదిలో మళ్ళీ వైరుకి తగులుతాయి, పైగా ఆ పిలకలు కొమ్మకి గట్టిగా పట్టుకుని ఉండవు, గాలివానకి విరిగేవి అవే. లోపల నరికిన మొండెం కుళ్ళుతూ కిందికి దిగుతుంది.

అమెరికా అటవీ శాఖలో అలెక్స్ షైగో అని శాస్త్రవేత్త ఉండేవారు, చెట్ల మాన్లని రంపంతో నిలువునా కోసి లోపల కుళ్ళు ఎలా పాకుతుందో వేల చెట్లలో చూశారు. ఆయన తేల్చింది ఏంటంటే చెట్టు తన గాయాన్ని మాన్పుకోదు, ఆ చెడిన భాగం చుట్టూ గోడ కట్టుకుని దాన్ని లోపలే మూసేసి, పక్కన కొత్త కట్టె పెంచుకుంటుంది. ఆ గోడ కట్టుకునే శక్తి కొమ్మ మొదట్లో, మానుకి కలిసే చోట ఉబ్బెత్తుగా ఉండే మెడ భాగంలో ఉంటుంది. ఆ మెడ కోసేస్తే చెట్టు మూసుకోలేదు. ఆ మెడ వదిలి అవతల రెండడుగుల మొండెం ఉంచినా మూసుకోలేదు. సరిగ్గా మెడ పక్కన కొయ్యాలి.

ఎలా? బరువైన కొమ్మకి మూడు కోతలు. మాను నుంచి అడుగు, అడుగున్నర అవతల కొమ్మకి కింది నుంచి పైకి మూడో వంతు రంపం దించండి. దానికి కాస్త అవతల పైనుంచి కిందికి కొయ్యండి, కొమ్మ అక్కడ తెగి పడిపోతుంది, కింద కోత ఉంది కాబట్టి బెరడు మానుదాకా చీలి రాదు. ఇప్పుడు మిగిలిన మొండేన్ని చేత్తో పట్టుకుని మెడ పక్కన నిదానంగా కోసెయ్యండి. రంపం వాడండి, గొడ్డలి వద్దు. ఒకేసారి చెట్టులో పావు వంతు కంటే ఎక్కువ తియ్యొద్దు. ముసురు పట్టిన రోజుల్లో కొయ్యొద్దు.

కోసిన చోట ఏం రాయాలి అంటే, బాగున్న కొమ్మని సరిగ్గా కోస్తే ఏమీ రాయక్కర్లేదు, తారు, పెయింటు, పేడ ఏదీ వద్దు. ఫంగస్ పట్టి ఎండుతున్న కొమ్మో, బంక కారే కొమ్మో కోసినప్పుడు మాత్రం బోర్డో పేస్టు పూయండి. మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్ళు పది లీటర్లు, ఇది తోట లెక్క. మీకు అంత అక్కర్లేదు, వంద గ్రాములు, వంద గ్రాములు, లీటరు నీళ్ళు చాలు. ప్లాస్టిక్ బకెట్లో, ఇనుప డబ్బాలో కాదు. మైలుతుత్తం విడిగా కరిగించండి, సున్నం విడిగా, రెండూ మూడో బకెట్లో కలపండి. కలిపాక శుభ్రమైన చాకు కాసేపు ముంచి తీస్తే దాని మీద ఎర్రగా రాగి పట్టకూడదు, పడితే ఇంకొంచెం సున్నం కలపండి. ఏ రోజుది ఆ రోజే వాడాలి.

కొన్ని ప్రశ్నలు

మునగ మీద గొంగళి పురుగుల గురించి అడిగారు ఆ మేడమ్ గారు. వానాకాలంలో మాను మీద గుంపులు గుంపులుగా ఉంటాయి, వెంట్రుకలు తగిలితే దద్దుర్లు. దాని కోసం చెట్టే కొట్టేస్తున్నారు చాలామంది, వద్దమ్మా. పగటిపూట అవన్నీ మాను మీద ఒకచోట చేరతాయి, అదే మనకి అవకాశం. గ్లవ్స్ వేసుకుని, ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, పాత చీపురుతో సబ్బు నీళ్ళ బకెట్లోకి ఊడ్చెయ్యండి. కాగడాతో కాలుస్తారు, దాంతో మునగ బెరడు కూడా కాలిపోతుంది. ఆకు అందేంత ఎత్తులో ఉంటే బీటీ పొడి, అంటే ఒక బ్యాక్టీరియా నుంచి చేసిన మందు, కొట్టొచ్చు, అది గొంగళి పురుగుల మీదే పనిచేస్తుంది.

కానుగ ఆకు మీద బుడిపెలు. అది కంటికి కనపడని నల్లి చేసే పని, చెట్టుకి ఏమీ కాదు, వదిలెయ్యండి. ఏడాకుల పాల చెట్టు ఆకు మీద బుడిపెలు కూడా అలాంటివే, అక్కడ వేరే చిన్న పురుగు. ఆ చెట్టు విశాఖలో 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత చాలా నాటారు, ఇప్పుడు చలికాలం పూత వాసనకి ఊపిరాడట్లేదని అక్కడి వాళ్ళ గొడవ. మీరు కొత్తగా నాటేటప్పుడు ఒకే రకం వీధంతా నాటొద్దు. వేప ఒకటి, కానుగ ఒకటి, నేరేడు, పొగడ, రకరకాలు. ఒకదానికి తెగులొచ్చినా వీధి బోడిగా అవ్వదు.

మొదట్లో పుట్టగొడుగులు వచ్చాయి అన్నారు ఆ బాబు. గట్టిగా, చెక్కలా, గొడుగులా సగం విచ్చుకుని మానుకి అతుక్కుని ఉన్నాయా? అవును అంటున్నారు. అయితే అది తేలిగ్గా తీసుకునేది కాదు. లోపల మొదలు కుళ్ళుతోందని అది బయటికి చెప్పడం. పైన ఆకు పచ్చగానే ఉండొచ్చు. చెక్క సుత్తితో మాను చుట్టూ కొట్టి వినండి, డొల్ల శబ్దం ఎక్కడిదాకా వస్తోందో. చెట్టు ఈ మధ్య ఒకవైపు వాలిందా, వాలిన దానికి ఎదురువైపు నేల పగిలి పైకి లేచిందా చూడండి. ఇవి రెండూ ఉంటే దాని కింద కార్లు, బడ్డీ, పిల్లలు ఎవరూ ఉండకుండా ఈ రోజే చెయ్యండి. అటవీ శాఖ వాళ్ళని, మున్సిపాలిటీ వాళ్ళని పిలిపించి చూపించండి. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీళ్ళు, నేల, చెట్ల చట్టం, దాని కింద చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, సొంత స్థలంలోదైనా సరే, కొన్ని రకాలకే మినహాయింపు. ప్రమాదంగా ఉందని ఫోటోలతో దరఖాస్తు ఇవ్వండి, ఫోటోలో నేల పగులు, పుట్టగొడుగు కనపడాలి.

ఇంకోటి, కరెంటు వైరుకి దగ్గర్లో ఉన్న కొమ్మ మీరు గానీ, మీ వాచ్‌మన్ గానీ, తోటమాలి గానీ ముట్టుకోవద్దు. తడి కొమ్మ చాలు ప్రాణం పోవడానికి. కరెంటాఫీసుకి రాసిచ్చి, లైన్‌మన్ ఎల్సీ, అంటే లైన్ క్లియర్ అనుమతి, తీసుకుని సప్లై ఆపాకే కోయించండి. ఆ రోజు మీలో ఒకరు అక్కడ నిలబడి ఏ కొమ్మ, ఎక్కడ కొయ్యాలో సుద్దముక్కతో గీత పెట్టి చూపించండి, లేకపోతే నడినెత్తి మీదే నరికేసి పోతారు. ఇప్పుడు చీకటి పడకముందే ఆ పుట్టగొడుగుల చెట్టు చూద్దాం, రాగలిగిన వాళ్ళు రండి, సుత్తి ఎవరి దగ్గరైనా ఉంటే తెండి.